రెండు రైళ్ల మధ్య పాతబస్తీ

సికింద్రాబాద్‌లో దిగి మరో రైలు కోసం ఆరేడు గంటలు ఆగాల్సి వస్తే ప్లాట్‌ఫాం మీద కూర్చోకండి. మూసీ దాటండి. నాలుగు వందల ఏళ్లుగా బాటసారులంతా చేసిన పని అదే.

చెన్నై వైపు వెళ్లే రైలు చార్మినార్ ఎక్స్‌ప్రెస్. హౌరాది ఫలక్‌నుమా. గుంటూరుది గోల్కొండ. పలాసలోనైనా ఖమ్మంలోనైనా ఈ పేర్లు తెలియని ఇల్లు ఉండదు. ‘గోల్కొండకు వస్తున్నా, స్టేషన్‌కి రా’ అని ఫోన్లో చెప్పుకుంటాం. ‘ఫలక్‌నుమాలో బెర్తు దొరికింది’ అని సంబరపడతాం. ఆ పేర్లు ఏ గోడలవో, ఏ మిట్టలవో అక్కడికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం మనలో చాలా తక్కువ.

కారణం ఆసక్తి లేకపోవడం అనుకోను. విశాఖ నుంచి షిర్డీకి, ఆదిలాబాద్ నుంచి తిరుపతికి, రాయచూరు నుంచి భద్రాచలానికి వెళ్లేవాళ్లకు హైదరాబాద్ రైలు మారే చోటు. తెల్లవారుజామున దిగుతారు, రాత్రికి మరో రైలు. మధ్యలో ఉన్న పగలంతా వెయిటింగ్ హాల్లో, ప్లాట్‌ఫాం బెంచీ మీద, సామాను మీద చెయ్యేసి గడిచిపోతుంది. ఊళ్లోకి వెళ్తే తిరిగి రాలేమేమో అన్న బెరుకు ఒకటి, పాతబస్తీ గురించి ఎవరో ఎప్పుడో చెప్పిన భయాలు ఇంకొకటి.

అదే మన పిల్లలు జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ సెలవులు రాగానే వీపున బ్యాగు తగిలించుకుని రైళ్లెక్కేస్తున్నారు. ఐరోపా కుర్రకారు 1972లో మొదలైన ఇంటర్‌రైల్ పాస్‌తో అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. ప్రాగ్‌లో పొద్దున దిగడం, స్టేషన్ లాకర్‌లో బరువు పడేయడం, నది మీది పాత వంతెన దాటి అవతలి పాత పేటలోకి నడవడం, రాత్రి రైలుకు వియన్నా. ఆ ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తున్నాయి, చూసి మురిసిపోతున్నాం. స్టేషన్, నది, పాత వంతెన, దాని అవతల పాత ఊరు. ఈ నాలుగూ అదే వరసలో మనకూ ఉన్నాయి. మనం ఆ వరసలో నడవడం లేదు, అంతే.

దారి మీద పుట్టిన నగరం

గోల్కొండ కోట నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే దారి ఒకటి ఉండేది. వజ్రాలు, కలంకారీ బట్టలు, నీలిమందు, గుర్రాలు ఆ దారినే నడిచాయి. కోటలో జనం కిక్కిరిసి నీళ్లు చాలనప్పుడు అయిదో కుతుబ్‌షాహీ సుల్తాను మహమ్మద్ కులీ మూసీకి దక్షిణాన కొత్త నగరం వేయించాడు. ఆ ఏడు 1591. హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం. నగరానికి గీత గీసిన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. మచిలీపట్నం దారి మరో దారిని కోసే చోట ఆయన నాలుగు ముఖాల కట్టడం నిలిపాడు. చార్మినార్ ఏ ఒక్క దిక్కుకూ వీపు తిప్పదు. ఎటు నుంచి వచ్చినవాడికైనా ఎదురుగానే కనిపిస్తుంది. నాకు ఈ ఊరి స్వభావమంతా ఆ ఒక్క నిర్ణయంలో కనబడుతుంది. వచ్చేవాడికీ పోయేవాడికీ కాసేపు ఆగే చోటు ఇవ్వడం కోసమే ఈ నగరం పుట్టింది.

అలా ఆగినవాళ్లు రాసిపెట్టబట్టే మనకు ఆ కాలం తెలుస్తోంది. ఫ్రాన్స్ నుంచి వజ్రాల కోసం 17వ శతాబ్దంలో మళ్లీ మళ్లీ వచ్చిన టావెర్నియే మూసీ మీది రాతి వంతెనను చూసి, పారిస్‌లోని పాంట్ నెఫ్‌కు అందంలో పెద్దగా తీసిపోదని రాశాడు. అదే మన పురానాపుల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు, 22 కమానులు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం ఈయనే. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఈయనకే. నగరంకంటే వంతెన 13 ఏళ్లు పెద్దది. అంటే దారి ముందు వచ్చింది, ఊరు తర్వాత. ఊరి శివారులో రెండు మూడు మసీదులు పరదేశి వర్తకులకు బసలుగా ఉండేవని కూడా టావెర్నియే చెబుతాడు.

తెలుగువాళ్లలో అలాంటి బాటసారి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో పల్లకీ, పరివారంతో కాశీకి బయలుదేరి దారిలో హైదరాబాదులో దిగాడు. ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ బస దొరుకుతుంది, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి అని ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఓపిగ్గా రాసుకున్న తీరు చూస్తే, ఆయన తన తర్వాత ఆ దారిన నడిచే మనిషిని కళ్లముందు పెట్టుకుని రాశాడనిపిస్తుంది. నిజానికి ఈ కథనానికి వరవడి ఆయనే. అందుకని ముందు సామాను సంగతి.

బరువు దించుకుని...

పెద్ద స్టేషన్లలో క్లోక్‌రూమ్ ఉంటుంది. బ్యాగుకు తాళం వేసి ఉండాలి, ప్రయాణ టికెట్, గుర్తింపు కార్డు చూపించాలి. రసీదు పోగొట్టుకోవద్దు. ఇంకొక్క మాట. ఇప్పుడు రైళ్లు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి అన్న అయిదు చోట్ల నుంచి బయలుదేరుతున్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక చాలా బళ్లు అటు మారాయి. దిగే స్టేషన్, ఎక్కే స్టేషన్ ఒకటేనా కాదా అని టికెట్ మీద చూసుకున్నాకే సామాను ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. రైలుకు రెండు గంటల ముందు పాతబస్తీ వదిలేయాలన్నది కచ్చితమైన నియమంగా పెట్టుకుంటే మిగిలిన పగలంతా మీదే.

సికింద్రాబాద్ వెస్ట్‌లో గానీ నాంపల్లిలో గానీ మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్‌లో దిగుతారు. మూసీ రెండు పాయల మధ్య ఉన్న బస్‌స్టాండ్ అది. అక్కడి నుంచి నడకే. తెలంగాణ ఆడవాళ్లకు సిటీ బస్సులో ప్రయాణం ఉచితం, రాష్ట్ర చిరునామాతో ఆధార్ కార్డు ఉంటే చాలు. పాతబస్తీకి సొంత రైలు కూడా ఉందన్న సంగతి నగరంలోనే చాలామందికి తెలియదు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ కాచిగూడ, మలక్‌పేట దాటి దబీర్‌పురా, యాకుత్‌పురాల్లో ఆగుతుంది. బళ్లు తక్కువ, వేళలు ముందే చూసుకోవాలి. యాకుత్‌పురాలో దిగి మామూలు ఇళ్ల మధ్య నుంచి చార్మినార్‌కు రావడంలో ఉన్న రుచి మాత్రం ఆటోలో రాదు.

శుక్రవారం అయితే సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసే ఉంటాయి. మక్కా మసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు. ఆ రోజు బజార్లకే కేటాయించుకోవడం మంచిది.

నది చెప్పే సంగతి

తొందరపడి చార్మినార్‌కు పరుగెత్తకండి. ముందు నయాపుల్ మీద ఆగండి. ఒక ఒడ్డున ఎర్రరాతి హైకోర్టు, ఇంకో ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. రెండిటి గుమ్మటాలూ ఒకే చేతి పని. గీసినవాడు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పి. 1916 నాటి కాచిగూడ స్టేషన్ కూడా ఆయనదే. మీ రైలు కాచిగూడలో ఆగి ఉంటే ఆయన పని పొద్దున్నే చూసేశారన్నమాట.

ఈ గుమ్మటాలన్నీ ఒక పెద్ద దుఃఖం తర్వాత లేచినవి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. దాదాపు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఉర్దూ రుబాయిలకు పేరుమోసిన కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో కళ్లెదుటే తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే బతికాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నది ఒడ్డుకు వచ్చి చీర, పసుపు కుంకుమ సమర్పించి మూసీని శాంతించమని వేడుకున్నాడని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. వంతెనలు కొట్టుకుపోయాయి. 330 ఏళ్ల పురానాపుల్ నిలబడింది.

మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్న ఆయన సలహాలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. దశాబ్దాలపాటు నగరం తాగిన గండిపేట నీళ్లు ఆ వరద తర్వాత దక్కినవే. ఇరుకు బస్తీలను తిరిగి తీర్చడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీలో ఇప్పుడు ముత్యాలు, పట్టుబట్టలు అమ్మే ఆ రాతి కమానుల వరస ఆ కాలపు పనే.

ఇంత చరిత్ర ఉన్న నది ఇప్పుడు మురుగు కంపు కొడుతోంది. ముక్కు మూసుకుని దాటేస్తున్నారు జనం. నాకు అది చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ప్రాగ్‌లోనో బుడాపెస్ట్‌లోనో నది ఒడ్డున కూర్చుని ఫొటోలు పంపే మన పిల్లలు ఇక్కడా అలా కూర్చోగలిగే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వరద ఆనవాలు దగ్గరగా చూడాలంటే మదీనా సర్కిల్ పక్కనే ఉన్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లండి. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే మొహర్రం సంతాపాల కోసం మహమ్మద్ కులీ కట్టించిన మందిరం. లోపలి గోడల నిండా పలకలు పరిచిన రంగుల పని. నీలం, పసుపు, ఆకుపచ్చ, గోధుమ. ఒక పెద్ద అలం (మొహర్రం పీరు) ఆకారం లోపల చిన్న చిన్న తీగెలు, ఆకులు మెలికలు తిరుగుతాయి. కింది భాగంలో కొంతమేర పలకలు లేవు, వాటి స్థానంలో రంగులు పూశారు. అంతవరకూ మూసీ నీళ్లు వచ్చి పలకల్ని పాడుచేశాయి. పాతబస్తీలో ఒక్కటే చూసే సమయం ఉంటే ఏది చూడాలని నన్నడిగితే, చార్మినార్ పేరు చెప్పను. దీని పేరు చెబుతాను. చెప్పులు విప్పి, తల కప్పుకుని, లోపల ప్రార్థన చేసుకునేవాళ్లకు అడ్డం రాకుండా నిలబడండి. టికెట్ లేదు, తోపులాట లేదు.

రోమ్‌లో ఒక మజిలీ

మూసీ ఒడ్డునే సాలార్‌జంగ్ మ్యూజియం. మొత్తం చూడాలంటే రోజు చాలదు. బాటసారికి నా సలహా ఏమిటంటే, గంటన్నర పెట్టుకుని రెబెక్కా శిల్పం దగ్గరకూ గంటలు కొట్టే గడియారం దగ్గరకూ వెళ్లిరండి. ఎందుకంటే రెబెక్కా కూడా ఒక ప్రయాణంలో దొరికిందే.

మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853 నుంచి 1883లో చనిపోయే దాకా హైదరాబాద్ రాజ్యానికి దివాను. వాడీ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది ఆయన కాలంలోనే. రెండేళ్ల తర్వాత, 1876లో, ఆయన ఐరోపా బయలుదేరాడు. పని పెద్దదే. బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న బేరార్‌ను తిరిగి ఇమ్మని అడగడం. దారిలో ఇటలీలో ఆగాడు, రోమ్‌లో పోప్‌ను కలిశాడు. పారిస్‌లో మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. ఆ కాలితోనే ఇంగ్లండ్ వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టా ఇచ్చింది, లండన్ నగరం పౌరసత్వం ఇచ్చి సత్కరించింది. బేరార్ మాత్రం రాలేదు.

రోమ్‌లో ఆగినప్పుడు ఆయన కొన్నది పాలరాతి రెబెక్కాను. చెక్కినవాడు జొవాన్ని మరియా బెంజోని. బైబిల్లో ఇస్సాకును తొలిసారి చూడబోతూ ముసుగు వేసుకున్న పడుచు ఆమె. రాతి మీద రాయి కప్పిన ఆ ముసుగులోంచి కళ్లు, పెదవులు, సిగ్గు కనబడతాయి. బెంజోని ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువే చెక్కాడు, కొన్ని అమెరికాలోని మ్యూజియాల్లో ఉన్నాయి. అయినా మూసీ ఒడ్డున ఆమె ముందు నిలబడే జనాన్ని చూడండి. వనపర్తి నుంచి స్కూలు బస్సులో వచ్చిన పిల్లలు, నల్ల బురఖాలో తల్లీకూతుళ్లు, తలకు రుమాలు చుట్టిన రైతు. అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: ‘ఇది రాయేనా?’ దివాను వెళ్లిన రాజకార్యం చరిత్ర పుస్తకాల్లో ఉండిపోయింది, దారి మధ్య మజిలీలో చేసిన పని మాత్రం తరాల తర్వాతా జనాన్ని రప్పిస్తోంది.

గడియారం దగ్గర గంట కొట్టే వేళకు అందరూ నేల మీదా బెంచీల మీదా కూర్చుని ఎదురుచూస్తారు. తలుపు తెరుచుకుని చిన్న గడ్డం మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. పన్నెండు గంటలకు చూడటం మేలు, ఎక్కువసేపు ఉంటాడు. వీటిని కూడబెట్టడంలో పెద్ద పాలు మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్‌ది. ఆయన 1949లో చనిపోయాక దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఇప్పటి భవనంలోకి 1968లో మారింది.

కమానుల కింద

పత్తర్‌గట్టీ దారిలో ముందుకు నడిస్తే ఒక కమాను దాటి గుల్జార్‌హౌజ్ వస్తుంది. నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు, మధ్యలో నీటి హౌజు. రాజభవనాల ముందు మైదానానికి ఎల్లలుగా కట్టినవి. రాజభవనాలు పోయాయి, మైదానం పోయింది, కమానులు బంగారు కొట్ల మధ్య చిక్కుకుపోయాయి. తలెత్తి చూస్తే తప్ప కనపడవు. తలెత్తండి. ఆ ఎత్తు చూస్తే ఏనుగు మీద అంబారీతో దూరిపోయే ద్వారమని అర్థమవుతుంది.

చార్మినార్ ఎత్తు 56 మీటర్లు, ఒక్కో వైపు 20 మీటర్లు. ప్లేగు తగ్గినందుకు కట్టారని ఒక మాట, హిజ్రీ వెయ్యో ఏటికి గుర్తుగా అని ఇంకో మాట. రాయి, సున్నం పని. 2019లో ఒక మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడి పడింది. చుట్టూ తిరిగే బళ్ల అదురును దానికి దూరంగా ఉంచాలని అడుగుతున్నవాళ్ల మాటలో న్యాయం ఉంది. ఇరుకైన మెలిమెట్లు ఎక్కి మొదటి అంతస్తు చేరితే నాలుగు దారులూ నాలుగు దిక్కులకు సూటిగా సాగిపోవడం కనిపిస్తుంది. మీర్ మోమిన్ గీసిన గీత ఇంకా చెరగలేదు. అందరూ ఫొటో కోసం ఎక్కుతారు. నేనైతే ఆ నాలుగు గీతల కోసం ఎక్కమంటాను.

పడమటి దారి లాడ్ బజార్. లక్క గాజుల వీధి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, పొడుగ్గా సాగదీసి, కొలతకు వంచి గుండ్రంగా అతుకుతారు. లక్క ఇంకా వేడిగా ఉండగానే ఒక్కో రాయీ, ఒక్కో అద్దమూ అదిమి పొదగాలి. చల్లారితే పట్టదు. వేళ్లు కాలతాయి. ఈ పనిలో ఎక్కువ భాగం పక్క గల్లీల్లో, ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. కొట్లో వెలిగే దీపాల కింద వాళ్ల పేర్లు ఉండవు. అందుకే బేరం ఆడేటప్పుడు కాస్త చెయ్యి వెనక్కి తీయండని మనవి.

ఒక సాయంత్రం ఆ వీధిలో వీపున పెద్ద బ్యాగుతో ఉన్న ఒక అమ్మాయి అరుగు ముందు ఆగి గాజులు చూస్తోంది. చేతి కొలతకు జత దొరకలేదు.

‘ఏ ఊరు బేటా?’ అన్నాడు కొట్టులోని ముసలాయన.

‘అనకాపల్లి అంకుల్.’

‘రైలు ఎన్ని గంటలకున్నది?’

‘తొమ్మిదిన్నరకి.’

‘ఇంకా మస్తు టైమున్నది. గా స్టూల్ మీద కూర్చో. చేసిస్త.’

ఆమె బ్యాగు దించి కూర్చుంది. ఆయన సెగ దగ్గరకు జరిగాడు. గాజుకంటే ముందు రైలు వేళ అడిగాడు చూశారా, శతాబ్దాలుగా వచ్చిపోయేవాళ్లతో మెలిగిన బజారుకు అది అలవాటైన ప్రశ్న.

చాయ్ వేళ, నమాజు వేళ

పాతబస్తీ ఆలస్యంగా నిద్రలేస్తుంది. కొట్లు 11 దాటాకే పూర్తిగా తెరుస్తారు, రాత్రి పొద్దుపోయే దాకా ఉంటారు. తెల్లవారుజామున దిగినవాళ్లకు ఇదే వరం. 6 గంటలకు చార్మినార్ చుట్టూ తోపుడుబళ్లు ఉండవు. శాలిబండ, మదీనా వైపు హోటళ్లలో నహారీ, కుల్చా ఆ వేళకే. రాత్రంతా ఉడికిన పులుసు ఎండెక్కితే దొరకదు. మాంసం తిననివాళ్లు పక్కనే పూరీ, దోసె బళ్ల దగ్గర ఆగవచ్చు, ఆకలితో ఉండే పనే లేదు.

ఇరానీ చాయ్‌కి చార్మినార్ పక్కనే నిమ్రా ఉంది, 1993 నుంచి. డికాక్షన్ మూతేసి ఒకచోట, చిక్కగా మరిగిన పాలు ఒకచోట. కప్పులో కలిసేది చివరి క్షణాన. దానికి ఉస్మానియా బిస్కట్టు జత, ఉప్పూ తీపీ రెండూ ఉంటాయి. పొయ్యి దగ్గర నుంచి వేడి ట్రేలు బయటికి వచ్చే వేళ పొద్దున్నే. రైల్లోకి అరకిలో కట్టించుకోండి. బిరియానీ గురించి నేను రాయను, దానికి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

మక్కా మసీదు పొద్దున చూడాలి. 1617లో మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన పని, గోల్కొండ పడిపోయాక 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. టావెర్నియే వచ్చినప్పుడు ఇంకా కడుతూనే ఉన్నారు. మిహ్రాబు రాయి ఒక్కదాన్ని తొలవడానికే అయిదేళ్లు పట్టిందని, లాగడానికి 1,400 ఎద్దులు కావాల్సి వచ్చాయని తనకు చెప్పారని రాశాడు. ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా సమాధులున్నాయి. మూసీకి చీర పెట్టాడని చెప్పుకునే మహబూబ్ అలీ పాషా కూడా ఇక్కడే.

సమయం మిగిలితే చౌమహల్లా. ఖిల్వత్ దర్బారులో బెల్జియం షాండ్లియర్ల కింద నిజాముల సింహాసన పీఠం. శిథిలమైపోతున్న భవనాలను బాగుచేయించి 2005లో జనానికి తెరిచారు. పాత కట్టడాన్ని మళ్లీ ఎలా బతికించవచ్చో చూపించిన మంచి పని అది, 2010లో యునెస్కో గౌరవం దక్కింది.

ఆషాఢంలో వస్తే లెక్క మారుతుంది. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాల ఆదివారం, మర్నాడు ఘటాల ఊరేగింపు చార్మినార్ మీదుగా సాగుతుంది. హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరు మీద గుడి ఉంది. గోల్కొండ సుల్తాను తానీషా దగ్గర మంత్రులుగా ఉండి 1686లో హత్యకు గురైన అన్నదమ్ములు వాళ్లు. పాతబస్తీ అంటే తెలుగువాళ్లకు పరాయి చోటు అనుకునేవాళ్లు ఒక్క బోనాల పూట అక్కడ నిలబడి చూడాలి. పోతరాజు ముందు డప్పు కొట్టేవాడి తెలుగూ, పక్కన శర్బత్ అందించేవాడి దక్కనీ ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా వినిపిస్తాయి.

అడగాల్సినవి

ఇంత ఉన్న చోట బాటసారికి ఉన్న వసతి తక్కువ. చార్మినార్ దగ్గర బ్యాగు పెట్టుకునే గది ఉండాలి. ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగల శుభ్రమైన మరుగుదొడ్లు ఇంకా కావాలి. యాకుత్‌పురా, దబీర్‌పురా స్టేషన్ల నుంచి చార్మినార్‌కు దారి చూపే బోర్డులు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. లోకల్ బళ్లు పెంచాలి. వీటికి వేల కోట్లు అక్కర్లేదు.

వేల కోట్ల పని ఒకటి నడుస్తోంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మెట్రో. 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది, 2025లో దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు వెడల్పు కోసం ఇళ్లు, కొట్లు తీయడం మొదలైంది. సాలార్‌జంగ్ మ్యూజియం పేరుతో ఒకటి, చార్మినార్ పేరుతో ఒకటి స్టేషన్లు వస్తాయి. నేను ఈ రైలు రావాలనే కోరుకుంటాను. రైలు వస్తే అనకాపల్లి అమ్మాయి ఇంకో గంట ఎక్కువ ఉంటుంది, లాడ్ బజార్‌లో ఇంకో పొయ్యి వెలుగుతుంది. కానీ దారుల్‌షిఫా అంటే మహమ్మద్ కులీ 1595లో కట్టించిన ఆస్పత్రి. ఆ దారి పొడవునా ఆషుర్‌ఖానాలు, దేవిడీల ద్వారాలు, వందేళ్ల నాటి ముంగిళ్లు ఉన్నాయి. ఏది ఉంచుతున్నారో, ఏది తీస్తున్నారో ప్రతి గుమ్మానికీ ఫొటోతో, కొలతలతో జాబితా జనం ముందు పెట్టాలి. తీసేసిన చెక్క ద్వారబంధాలు, గచ్చు పని ఎక్కడికి వెళ్తున్నాయో చెప్పాలి. స్తంభాలు లేచాక అడిగితే ప్రయోజనం ఉండదు, ఈ సంవత్సరమే అడగాలి.